నలుసు

మౌలాలి ఫంక్షన్ హాల్లో పెళ్లికొడుకు మేనమామ
కూర్చున్న కుర్చీ కాలు పుటుక్కున విరిగిందట.
ఆయనకేం కాలేదు,
ఖుబానీ కా మీఠా మాత్రం షేర్వాణీ మీదికొచ్చింది.
తెల్లారేసరికి ఆ కాలు నా టేబుల్ మీదుంది,
చర్లపల్లి ఫేజ్ టూ, గేటు పక్క ల్యాబులో.
"ఎందుకు విరిగిందో పూసగుచ్చినట్టు చెప్పాలమ్మా"
అన్నాడు దశరథం సారు.

పూస గురించే చెప్పాలి నిజానికి.

విరిగిన చోట గోటితో గిల్లినంత చెక్కి
కందిబద్ద పట్టేంత అల్యూమినియం గిన్నెలో పెట్టి
రెండు వందల డిగ్రీలకు ఎక్కించి
ఐదు నిమిషాలు అక్కడే ఉంచాను.
పాత సంగతులన్నీ మరిచిపోవాలి అది:
ఏ అచ్చులో ఇరుక్కుందో, ఎంత తొందరలో చల్లారిందో.
తర్వాత నిమిషానికి పది డిగ్రీల చొప్పున
కిందికి దించాను.

కరిగిన ప్లాస్టిక్ తనంతట తాను గడ్డకట్టదు, అంత సులువుగా.
చిక్కుపడ్డ దారపు ఉండ అది,
చల్లబడ్డా తిరుగుతూనే ఉంటుంది
మొదటి మడత ఎక్కడ వెయ్యాలో తెలియక.
ఎక్కడో ఒక నలుసు కావాలి.
దాని చెంపకు ఆనుకుని ఒక గొలుసు మడతపడితే
దాని పక్కన ఇంకొకటి,
ఇక చెప్పనక్కర్లేదు.

టాల్క్ సరిగ్గా పడితే నూట ఇరవై ఆరు దగ్గరే
స్క్రీన్ మీద గీత మూపురం ఎత్తుతుంది.
గట్టిపడుతూ వేడి విడుస్తుంది,
చల్లారేది వేడి విడవడం నాకిప్పటికీ వింతే.
ఈ కాలు నూట పద్నాలుగు దాకా
ఉలకలేదు, పలకలేదు.

మైక్రోస్కోపు కింద
చీకట్లో అక్కడొకటి ఇక్కడొకటి పెద్ద పెద్ద పువ్వులు,
ఒక్కో పువ్వు మీద నల్లటి అడ్డగీతలు రెండు.
ఎదురొచ్చేవాళ్లు లేక తెగ బలిసి
చివరికి ఢీకొన్న చోట తిన్నటి సరిహద్దులు.
ఆ సరిహద్దు వెంబడే విరిగింది మేనమామ కుర్చీ.

నెయ్యి పూసకట్టిందంటే మురిసిపోతాం,
ఎంత పెద్ద పూసైతే అంత గొప్ప.
కుర్చీకి ఆ గొప్ప పనికిరాదు.
గసాల కన్నా సన్నపు పూస కావాలి దానికి,
కిక్కిరిసి, ఎవరికీ పెద్దరికం దొరకనంత.

మరి టాల్క్ వేశారుగా? రిజిస్టర్లో ఉంది,
వందకు ఇరవై, మక్బూల్ భాయ్ సంతకంతో సహా.

పద్దెనిమిదేళ్లుగా కాంపౌండింగ్ మిషన్ మీదున్న మనిషి
కనుబొమల దాకా తెల్లగా వచ్చాడు,
గుప్పెడు పొడి నా అరచేతిలో పోశాడు.
"రుద్ది చూడు మేడం. జారుతుందా?"
జారలేదు. గరగరమంది.
"పోయిన సోమవారమే చెప్పిన సారుకు.
తెల్లగున్నదంతా టాల్కే అన్నడు."

సుద్ద. కొత్త సప్లయర్, కిలోకు నాలుగు రూపాయలు తక్కువ.
సుద్దకూ బరువుంది, తెలుపుంది,
బస్తా మీద అచ్చేసిన పేరూ ఉంది.
గొలుసు ఆనుకునే చెంప మాత్రం లేదు.

"సరే, అసలు టాల్కే తెప్పించి
వందకు యాభై వేద్దాం" అన్నాడు సారు.
ఎక్కువైతే అదీ ముప్పేనన్నాను.
నలుసులు ఒకదాన్నొకటి అంటుకుని ఉండలు కడతాయి,
గొలుసుకు మెసిలే చోటుండదు,
మొదలైన మడత సగంలో ఆగిపోతుంది.
మొదలుపెట్టించిన చెయ్యే
ఎదగనివ్వదు.
ఆయన ఫోన్ చూసుకుంటున్నాడు.

మధ్యాహ్నం డబ్బాలు విప్పేటప్పుడు తెలిసింది,
ప్యాకింగ్‌లో ఈదమ్మకు నలుసు పడిందని, మూడో నెల అని.
ఎవరో లేచి కుర్చీ ఇచ్చారు, మన కంపెనీదే.
కూర్చునే ముందు నాలుగు కాళ్లూ ఊపి చూసుకుంది.
నేను వంగి బ్యాచ్ నంబరు చూశాను.

రిపోర్టులో 'లోపం గుర్తించినవారు' అని ఒక గడి ఉంటుంది.
పదేళ్లుగా అందులో నా పేరే.
ఈసారి మిషన్ దగ్గరికెళ్లి, చప్పుడులో గట్టిగా అరిచి,
పూర్తి పేరు అడిగి రాసుకొచ్చాను.
షేక్ మక్బూల్ హుస్సేన్.

సారు ఇంకా సంతకం పెట్టలేదు.